యూనివర్సిటీ ఉద్యోగులకు: పాస్‌వర్డ్ సంగతి తర్వాత, ముందు మొహమాటం సంగతి చూడండి

మన ఆఫీసుల్లో సమాచారం బయటికి పోయిందంటే అది ఎక్కడో కూర్చున్న హ్యాకర్ పనే అనుకుంటాం. నేను చూసినంతలో ఎక్కువ సార్లు అది పోయేది మొహమాటం వల్ల. పక్క సీటు మేడం సెలవు మీద వెళ్తూ అడిగారని లాగిన్ ఇచ్చిపుచ్చుకుంటాం, పై నుంచి ఫోన్ వచ్చిందని లిస్టు పంపేస్తాం, కౌంటర్ దగ్గర పిల్లాడు బతిమాలాడని వాడి పెన్‌డ్రైవ్ మన సిస్టంకి పెట్టేస్తాం. వీటిలో దేనికీ హ్యాకింగ్ తెలియక్కర్లేదు. అందుకే పాస్‌వర్డ్‌తో కాకుండా, కాదని చెప్పడం ఎలాగో దాంతో మొదలుపెడుతున్నా.

తిరుపతి చుట్టుపక్కల యూనివర్సిటీలకి కొదవ లేదు. ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ, సంస్కృత విశ్వవిద్యాలయం, అటు ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, ఇంకా పైకి పోతే కుప్పంలో ద్రావిడ యూనివర్సిటీ. మీరు ఎగ్జామ్ బ్రాంచ్‌లో జూనియర్ అసిస్టెంట్ అయినా, డిపార్ట్‌మెంట్‌లో అకడమిక్ కన్సల్టెంట్ అయినా, హాస్టల్ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద ఉన్నా మీ కంప్యూటర్లో ఉండేవి దాదాపు ఒకటే: పిల్లల ఆధార్ నంబర్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, మార్కులు. మోసగాడికి ఇంతకంటే తయారుగా దొరికే సరుకు ఇంకోటి లేదు.

కాదని ఎలా చెప్పాలి

మీకూ ఈ ఫోన్ వచ్చే ఉంటుంది. "అన్నా, మా చెల్లెలికి సంబంధం వచ్చింది. అబ్బాయి మీ యూనివర్సిటీలోనే ఎంసీఏ చేశానంటున్నాడు. హాల్ టికెట్ నంబర్ పంపిస్తా, పాసయ్యాడో లేదో, బ్యాక్‌లాగులు ఏమైనా ఉన్నాయో కాస్త చూసి చెప్పన్నా." అడిగేవాడు మనవాడు, కారణం కూడా న్యాయమైనదే. కానీ ఆ అబ్బాయి మార్కులు మన సొంతం కాదు, అతని అనుమతి లేకుండా చూసి చెప్పే హక్కు మనకి లేదు. పైగా అడిగింది నిజంగా పెళ్లి కోసమేనా, లేక అప్పు వసూలు చేసేవాడెవడైనా మీ తమ్ముడి చేత అడిగిస్తున్నాడా అనేది ఫోన్లో తేలదు. ఇలా చెప్పండి: "ఆ అబ్బాయినే డిజిలాకర్ తెరిచి సర్టిఫికెట్ చూపించమను తమ్ముడూ, అందులో లేకపోతే ఫీజు కట్టి వెరిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టించు, ఏ సెక్షన్‌లో ఇవ్వాలో నేను చెప్తా." సాయం చేసినట్టూ ఉంటుంది, రికార్డు మాత్రం మీ నోటి నుంచి బయటికి రాదు.

పైవాళ్లతో ఇంకా కష్టం. సార్ వచ్చి "నీ లాగిన్ ఇవ్వవయ్యా, ఈ రెండు మార్కులు ఎక్కించేస్తా, నా లాగిన్ పని చేయట్లేదు" అంటే లేచి నిలబడి కుర్చీ ఇచ్చేయడం మనకి అలవాటు. మీ లాగిన్‌తో జరిగిన ప్రతి మార్పూ లాగ్‌లో మీ పేరు మీదే పడుతుంది, రెండేళ్ల తర్వాత ఎంక్వైరీ వేస్తే అప్పుడు ఆ సార్ రిటైరై ఉంటారు, మీరు మాత్రం సీట్లో ఉంటారు. అయినా ముఖం మీద కుదరదు అనలేం కదా. "సార్, నా లాగిన్‌తో చేస్తే ఆడిట్‌లో మీకే ఇబ్బంది వస్తుంది, కంప్యూటర్ సెంటర్‌కి ఫోన్ చేసి మీ లాగిన్ ఇప్పుడే సరిచేయిస్తా సార్" అనండి. ఆయన మంచి కోరి అంటున్నట్టు ఉండాలి, నిజంగా అది ఆయన మంచి కోరడమే. అవతలివాళ్ల పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ఆ మాట సార్‌తో అనక్కర్లేదు, మీకు తెలిసుంటే చాలు.

సెలవు మీద వెళ్లేవాళ్ల సంగతికి వస్తే, లాగిన్ ఇచ్చి వెళ్లడం కంటే ముందే సూపరింటెండెంట్‌కి చెప్పి ఇంకొకరికి వాళ్ల పేరు మీద తాత్కాలికంగా అనుమతి ఇప్పించడం మేలు. రెండు రోజులు ముందుగా అనుకుంటే అయిపోయే పని. మనం మాత్రం బస్సెక్కాక గుర్తు తెచ్చుకుని వాట్సాప్‌లో పాస్‌వర్డ్ పంపిస్తాం.

వీసీ గారి ఫోటోతో వచ్చే మెసేజ్

దీని మీద కాస్త ఎక్కువ సేపు మాట్లాడాలి, ఎందుకంటే యూనివర్సిటీల్ని చూసుకునే తయారుచేసిన మోసం ఇది. వెబ్‌సైట్లో వీసీ ఫోటో ఉంటుంది, రిజిస్ట్రార్ పేరు ఉంటుంది, ఫ్యాకల్టీ లిస్టులో మీ మెయిలూ ఫోన్ నంబరూ ఉంటాయి. మోసగాడికి కావలసినవన్నీ మనమే పేజీలు పేజీలుగా పెట్టి ఉంచాం. వాడు ఒక కొత్త నంబరుకి వీసీ గారి ఫోటో డీపీగా పెట్టి, మధ్యాహ్నం మీటింగుల వేళ చూసుకుని మీకు ఒక లైను పంపిస్తాడు: "ఫ్రీగా ఉన్నారా?" అంతే. మీరు "యస్ సార్, చెప్పండి సార్" అనగానే రెండోది: "ముఖ్యమైన మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ మాట్లాడలేను. ఒక పని చేసిపెట్టాలి." మూడోది గిఫ్ట్ కార్డులు. ఒక్కోటి ఐదు వేలవి కొని, వాటి కోడ్‌లు ఫోటో తీసి పంపమంటాడు, సాయంత్రానికి డబ్బు తిరిగిస్తానంటాడు.

ఇందులో అన్నిటికంటే తెలివైన ముక్క ఫోన్ చేయొద్దు అనడం. ఫోన్ చేస్తే గొంతు తెలిసిపోతుంది, అందుకని ఆ దారి ముందే మూసేశాడు. మనకేమో అంత పెద్దాయన మొదటిసారి స్వయంగా మెసేజ్ పెట్టారని ఒక సంతోషం, మీటింగ్ మధ్యలో ఫోన్ చేస్తే తిడతారేమోనని ఒక భయం. ఈ రెండింటి మీదే వాడి వ్యాపారం. కాబట్టి డబ్బు, ఓటీపీ, విద్యార్థుల జాబితా, ఎవరిదైనా బ్యాంకు వివరం, వీటిలో ఏది అడిగినా, ఎంత పెద్దవాళ్ల పేరుతో వచ్చినా, వచ్చిన దారిలో కాకుండా వేరే దారిలో తిరిగి అడగండి. వాట్సాప్‌లో వస్తే వీసీ ఆఫీసు పీఏకి ల్యాండ్‌లైన్‌లో ఫోన్ చేయండి, మెయిల్‌లో వస్తే మనిషిని పంపండి, కారిడార్ చివర గదే కదా. మెసేజ్‌లోనే ఇచ్చిన నంబరుకి మాత్రం చేయకండి, అది వాడి నంబరే.

మీరే సెక్షన్ హెడ్ అయితే ఇంకో పని చేయాలి. మీ కింద పనిచేసేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: "నా పేరుతో డబ్బుగానీ లిస్టుగానీ అడిగితే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చేసి కనుక్కోండి, నేనేమీ అనుకోను." తర్వాత ఎవరైనా నిజంగా ఫోన్ చేసినప్పుడు విసుక్కోకండి. ఒక్కసారి విసుక్కుంటే ఇక మీ సెక్షన్‌లో ఎవరూ అడగరు.

మెయిల్‌లో వచ్చేవి వేరే వేషాల్లో వస్తాయి. డీఏ అరియర్స్ జాబితాలో మీ పేరు ఉందో చూసుకోండి, మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది ఇక్కడ నొక్కండి, మీ వ్యాసం అంతర్జాతీయ జర్నల్‌కి ఎంపికైంది లాగిన్ అవ్వండి. ఈ చివరిది ప్రమోషన్ కోసం పేపర్లు లెక్కపెట్టుకునే ఫ్యాకల్టీ మీద బాగా పనిచేస్తుంది. జర్నల్ నిజమైనదే అయితే దాని సైట్‌కి మీరే నేరుగా వెళ్లి చూసుకోవచ్చు, లింక్ నొక్కాల్సిన పని లేదు.

లింక్ చదవడం నేర్చుకోవాలి, అది కష్టమేమీ కాదు. తిరుపతిలో ఉండేవాళ్లకి దొంగ దర్శనం వెబ్‌సైట్ల గోల కొత్తగా చెప్పక్కర్లేదు. అసలు సైట్ చివర ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ అని ఉంటుంది, దొంగవాటిలో ముందు తిరుమల అనీ బాలాజీ అనీ ఎన్ని ఉన్నా చివర వేరేది ఉంటుంది. వెబ్ చిరునామా ఉత్తరం మీద అడ్రస్ లాంటిది, ముందు మనిషి పేరు, చివర ఊరూ జిల్లా. హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉన్న రెండు గీతల తర్వాత, మొదటి ఒంటి గీత ఎక్కడ వస్తుందో చూసి, అక్కడి నుంచి ఎడమకి వెనక్కి చదవండి. మీ యూనివర్సిటీ పేరు, డాట్ ఏసీ డాట్ ఇన్, దాంతో అయిపోతే సరే. అలా కాకుండా యూనివర్సిటీ పేరు డాట్ ఏసీ డాట్ ఇన్ డాట్ వెరిఫై డాట్ ఎక్స్‌వైజెడ్ అని ఉంటే దాని సొంతదారు ఆ చివరి వెరిఫై డాట్ ఎక్స్‌వైజెడ్ వాడు, ముందున్న మీ యూనివర్సిటీ పేరు ఉత్త అలంకారం. ఏసీ డాట్ ఇన్ విద్యా సంస్థలకే ఇస్తారు, ఎర్నెట్ ఇండియా ద్వారా వస్తుంది, ఎవడు పడితే వాడు కొనుక్కోలేడు. కంప్యూటర్లో అయితే లింక్ మీద మౌస్ ఆనిస్తే కింద చిరునామా కనిపిస్తుంది, ఫోన్లో అయితే వేలు నొక్కి పట్టుకోండి. ఒక మెలిక ఉంది: సహోద్యోగి అకౌంట్ హ్యాకైతే అసలు ఏసీ డాట్ ఇన్ చిరునామా నుంచే దొంగ మెయిల్ వస్తుంది. కాబట్టి ఎవరు పంపారన్నదే కాదు, ఏం అడుగుతున్నారన్నది కూడా చూడాలి.

స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైల్, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్, ఏది వచ్చినా, పెళ్లి పత్రికన్నా, ట్రాఫిక్ చలానా అన్నా, తెరవకండి. పత్రికకి ఫోటో చాలు, యాప్ ఎందుకు? అది ఫోన్లోకి దిగి మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటే మీ ఓటీపీలు వాడికి వెళ్తాయి, మీ పేరుతో అదే ఫైల్ మీ గ్రూపులన్నిటికీ కూడా వెళ్తుంది.

ఇప్పుడు పాస్‌వర్డ్

ఏడుకొండలవాడి పేరు, దాని పక్కన అట్, దాని పక్కన 123. ఈ ఊళ్లో ఎవడైనా మొదట ప్రయత్నించేది ఇదే, స్వామి పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆయన వచ్చి అకౌంట్ కాపాడడు. యూనివర్సిటీ పేరు, పిల్లల పేరు, బండి నంబరు కూడా అంతే. పొడవు ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకోండి, మీ నోటికి తిరగాలి, ఇంకొకడికి తట్టకూడదు. పాట పల్లవి, సామెత, శ్లోకం వద్దు. మూడు నెలలకోసారి మార్చమని బలవంతపెట్టడం వల్ల లాభం లేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది, ఎందుకంటే జనం చివర ఒకటి తీసి రెండు పెడతారు. బయటపడిందని అనుమానం వచ్చినప్పుడు మార్చండి, అప్పుడు మాత్రం వెంటనే మార్చండి. ఆఫీసుది, సొంత మెయిల్‌ది, బ్యాంకుది మూడూ వేరుగా ఉండాలి. గుర్తుండకపోతే పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడండి, అదీ కష్టమైతే నోటు పుస్తకంలో రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. మానిటర్‌కి అంటించిన పసుపు చీటీ కన్నా బీరువా నయం.

రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, తప్పకుండా పెట్టుకోండి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ కన్నా, ఆ కోడ్‌ని ఫోన్లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్ మంచిది, యాప్ లేకపోతే ఎస్‌ఎంఎస్ అయినా పర్వాలేదు, ఏమీ లేకపోవడం మాత్రం వద్దు. ఫోన్ పోతే ఎలా అని చాలామంది వెనకాడతారు, దానికోసమే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి, ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. వాట్సాప్‌కి కూడా టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి.

ఇక డిపార్ట్‌మెంట్ జీమెయిల్. చాలా చోట్ల డిపార్ట్‌మెంట్‌కి అధికారిక మెయిల్ అని చెప్పుకునేది ఎప్పుడో ఒక రీసెర్చ్ స్కాలరో కన్సల్టెంటో తెరిచిన జీమెయిల్. రికవరీ నంబరు అతనిది. అతను ఇప్పుడు బెంగళూరులో ఏదో కంపెనీలో ఉన్నాడు, అందరికీ పాస్‌వర్డ్ తెలుసు, నోటీసు బోర్డు మీద ఐడీ ఉంది, ఏదైనా తేడా వచ్చి గూగుల్ ఓటీపీ అడిగితే అది బెంగళూరుకి పోతుంది. అతను మంచివాడే కావచ్చు, కానీ ఆ సిమ్ రేపు ఎవరి చేతిలో ఉంటుందో? ఈ వారంలోనే ఆ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలోకి వెళ్లి, రికవరీ నంబరూ రికవరీ మెయిలూ మార్చండి. "యువర్ డివైసెస్" అన్న చోట చూస్తే ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో కనిపిస్తుంది, తెలియనివన్నీ సైనౌట్ చేసేయండి. ఆ లిస్టు చూశాక మీకే కళ్లు తిరుగుతాయి. తర్వాత హెడ్ సంతకంతో కంప్యూటర్ సెంటర్‌కి ఒక లెటర్ పెట్టి ఏసీ డాట్ ఇన్ మీద పదవి పేరుతో మెయిల్ తీసుకోండి, మనుషులు మారినా అది ఉంటుంది. ఆన్‌లైన్ జర్నల్స్ చదవడానికి వాడే ఇన్‌ఫెడ్ లాంటి లైబ్రరీ లాగిన్లలో మనవి స్కాలర్లకి ఇచ్చే అలవాటు కూడా మానుకోవాలి, వాళ్లకి విడిగా ఇప్పిస్తే సరిపోతుంది.

ఒకే కంప్యూటర్ నలుగురు వాడే సెక్షన్ అయితే విండోస్‌లో నలుగురికీ నాలుగు యూజర్ అకౌంట్లు పెట్టించండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే ఆ సిస్టంలో వద్దనే చెప్పండి, ఎందుకంటే సెట్టింగ్స్‌లోకి వెళ్తే అవన్నీ ఎవరికైనా కనిపించే ప్రమాదం ఉంది. టీకి లేచేటప్పుడు విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కండి, స్క్రీన్ లాక్ అవుతుంది.

లిస్టులు, ఫారాలు, జిరాక్స్ షాపులు

స్కాలర్‌షిప్ లిస్టుని ఎక్సెల్‌లో తయారుచేసి, ఆధార్, బ్యాంకు కాలమ్స్ హైడ్ చేసి, కాలేజీల గ్రూపులో పెట్టేస్తారు. హైడ్ చేసింది తీసేసినట్టు కాదు, రైట్ క్లిక్ కొట్టి అన్‌హైడ్ అంటే మొత్తం బయటికి వస్తుంది. కొత్త ఫైల్ తెరిచి కావలసిన కాలమ్స్ మాత్రం కాపీ చేసి, పీడీఎఫ్ చేసి పంపండి. పీడీఎఫ్‌లో నంబర్ల మీద నల్ల డబ్బా గీసి దాచామనుకోవడమూ ఇంతే, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే చదువుకోవచ్చు. రెండు వందల మంది పిల్లలకి ఒకేసారి మెయిల్ పెట్టేటప్పుడు చిరునామాలు బీసీసీలో వేయండి, అప్పుడు ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపించదు. ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టి, అదే మెయిల్ కింద లైన్లో ఆ పాస్‌వర్డ్ రాయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. దాన్ని ఫోన్లో చెప్పండి.

గూగుల్ ఫారం పెట్టే ముందు సెట్టింగ్స్‌లో ఫలితాల సారాంశం చూపించు అన్న ఆప్షన్ ఆపి ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఫారం నింపిన పిల్లాడు తనకంటే ముందు నింపినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా చూసేస్తాడు. వచ్చిన షీట్‌ని లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అని షేర్ చేయకండి, ఎవరికి కావాలో వాళ్ల మెయిల్ పేరుతో ఇవ్వండి. అసలు అడిగే ముందే ఆలోచించండి, ఫెస్ట్‌లో వాలంటీర్‌గా పేరిచ్చే పిల్లకి ఆధార్ నంబరు ఎందుకు? లేని డేటా పోదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, డేటాకి తగిన భద్రత పెట్టని సంస్థ మీద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని ఉంది. ఆ స్థాయి దాకా వెళ్లకపోయినా, ఫైల్ ఎవరి సీటు నుంచి బయటికి పోయిందన్న ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. చాట్‌బాట్‌లకీ ఇదే వర్తిస్తుంది, లెటర్ డ్రాఫ్ట్ చేయించుకోండి, బాగానే రాస్తుంది, కానీ విద్యార్థుల జాబితా, క్వశ్చన్ పేపర్ అందులో పేస్ట్ చేయకండి.

ఆఫీసు ప్రింటర్‌లో టోనర్ అయిపోతుంది, బిల్లు పాసయ్యి కొత్తది రావడానికి నెల పడుతుంది, మనం ఫైల్ పట్టుకుని బాలాజీ కాలనీలోనో లీలామహల్ దగ్గరో జిరాక్స్ షాపుకి వెళ్తాం. ఆ షాపు కుర్రాడు "వాట్సాప్‌లో పంపండి సార్" అంటాడు. ఒకసారి ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద కన్నేయండి, పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరి ఆధార్లు, రెజ్యూమెలు, సేల్ డీడ్లు, మార్క్స్ మెమోలు వరసగా ఉంటాయి. మీ ఫైల్ కూడా వాటి కింద చేరుతుంది. షాపువాడి తప్పేం లేదు, వాడికి తుడిచే తీరిక లేదు. క్వశ్చన్ పేపర్, అవార్డు లిస్టు, సర్వీసు రిజిస్టర్ కాపీలు బయటికి తీసుకెళ్లనే వద్దు, పక్క సెక్షన్ ప్రింటర్ అడగండి. మిగతావాటికి వెళ్లక తప్పకపోతే అక్కడ మీ మెయిల్ తెరవకండి, ఆ ఒక్క ఫైలే ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. ప్రింట్ అయ్యాక "తమ్ముడూ, ఆ ఫైల్ డిలీట్ కొట్టు, రీసైకిల్ బిన్‌లోంచి కూడా" అని అక్కడే నిలబడి తీయించండి, సరిగ్గా రాని కాగితాలు కూడా వెనక్కి తీసుకోండి. అక్కడ వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లి లాగౌట్ చేయండి. తిరిగొచ్చాక ఆ పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయకుండా ఆఫీసు సిస్టంకి పెట్టకండి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌తో పడ్డ అవస్థ ఎవరూ మర్చిపోయి ఉండరు.

ఇంకోటి తిరుపతివాళ్లకే ఉండే తలనొప్పి. హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో తెలిసిన ప్రొఫెసర్ గారు దర్శనానికి వస్తున్నామంటూ కుటుంబం మొత్తం ఆధార్ ఫోటోలు మన వాట్సాప్‌కి పంపిస్తారు. పని అయిపోతుంది, వాళ్లు లడ్డూలు తీసుకుని వెళ్లిపోతారు, ఆధార్లు మాత్రం మన గ్యాలరీలో, గూగుల్ ఫోటోస్‌లో, ఇంట్లో పిల్లలు ఆటలాడే ట్యాబ్‌లో ఉండిపోతాయి. దర్శనం అయిన రోజే తీసేయండి. మీ ఆధార్ కాపీ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, పూర్తి నంబరు అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

పాత సిస్టమ్, బ్యాకప్

ప్రతి యూనివర్సిటీలో ఒక మూల ఒక ముసలి కంప్యూటర్ ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు అందులోనే సరిగ్గా పనిచేస్తాయి. విండోస్ 7కి మద్దతు 2020 జనవరిలో ఆగింది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆగింది. పాతది తీసేయమని చెప్పడం తేలిక, తెలుగు మెటీరియల్ అంతా ఎక్కడ కంపోజ్ చేయాలని డీటీపీ ఆయన అడిగితే జవాబు ఉండాలి. కాబట్టి దాన్ని ఉంచండి, కానీ ల్యాన్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. అది ఉత్త టైపు మిషన్‌గా పనిచేస్తే చాలు, కొత్త ఫైళ్లు యూనికోడ్‌లో చేయడం మొదలుపెట్టండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపమని అడిగిందంటే అక్కడే ఆగిపోండి.

అప్‌డేట్లు వాయిదా వేస్తే ఏమవుతుందో 2017 మేలో చూశాం. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగి మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్ల దాకా వచ్చింది. దాన్ని ఆపే ప్యాచ్‌ని, అంటే లోపం సరిచేసే అప్‌డేట్‌ని, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే ఓపీ చీటీల దగ్గర నుంచి అన్నీ చేత్తో రాసుకుంటూ రోజుల తరబడి నెట్టుకొచ్చారు. అదే రిజల్ట్స్ వారంలో ఎగ్జామ్ బ్రాంచ్‌కి జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముఖ్యమైన ఫైళ్లకి మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి బిల్డింగ్ బయట. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని కాపీ అయ్యాక పీకేయండి, తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ లాక్ చేస్తుంది. అప్పుడప్పుడు ఒక ఫైల్‌ని బ్యాకప్‌లోంచి నిజంగా తెరిచి చూడండి.

తేడా కొట్టిందనిపిస్తే

లింక్ నొక్కేశారు, పాస్‌వర్డ్ కొట్టేశారు, అప్పుడు అనుమానం వచ్చింది. సిగ్గుపడి సాయంత్రం దాకా ఆగకండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైసుల నుంచి సైనౌట్ చేసి, కంప్యూటర్ సెంటర్‌కి వెంటనే ఫోన్ చేయండి. కంప్యూటర్లో ఫైళ్ల పేర్లు వింతగా మారిపోతున్నా, డబ్బు కట్టమని స్క్రీన్ వచ్చినా ముందు ల్యాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, ఏదీ డిలీట్ చేయకండి, ఫార్మాట్ కొట్టేద్దాం అనే మేధావి ఎవరైనా ఉంటే ఆయన్ని కాస్త దూరంగా కూర్చోబెట్టండి, ఆధారాలు పోతాయి. ఇలాంటి ఘటనల్ని గుర్తించిన ఆరు గంటల్లోపు సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు వచ్చాయి. ఆ రిపోర్టు పంపేది మీరు కాదు, సంస్థ, కానీ మీరు మర్నాడు చెబితే వాళ్లు ఆరు గంటల్లో ఎలా పంపుతారు?

డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటేలోపే ఆపించగలగాలి కాబట్టి ఇక్కడ నిమిషాలు లెక్క. రిటైరైన ప్రొఫెసర్లు మీకు తెలిసినవాళ్లుంటే డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదని ఒకసారి ఫోన్ చేసి చెప్పండి. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ఎవడు బెదిరించినా కట్ చేసి 1930కి చేయమనండి.

ఎవరైనా సీటు మారినా, రిటైరైనా, కాంట్రాక్టు అయిపోయినా శాలువా కప్పే రోజునే వాళ్ల లాగిన్లు ఆపించి, వాట్సాప్ గ్రూపుల్లోంచి పేరు తీసేయండి. ఇది కూడా మొహమాటపడే పనే, "నన్ను తీసేశారా" అని బాధపడతారు. ముందుగానే చెప్పి తీయండి, కావాలంటే ముచ్చట్లకి వేరే గ్రూపు పెట్టుకోండి, మార్కుల లిస్టులు పడే గ్రూపులో మాత్రం ఆ సీట్లో ఇప్పుడు కూర్చున్నవాళ్లే ఉండాలి.